విజయా వారి జెండా కింద ఆ తొమ్మిది అక్షరాలు

రావులపాలెం నుంచి:

అందరికీ నమస్కారమండి. నేను పెళ్ళిళ్ళకీ ఫంక్షన్లకీ వీడియో తీస్తుంటాను. ఇప్పుడు లంక గ్రామాల మీద యూట్యూబ్‌లో చిన్న సీరియల్ మొదలుపెడుతున్నాం. ప్రతి ఎపిసోడ్ ముందూ ఐదు సెకన్ల లోగో పడుతుంది. దాని కింద, పాత విజయా వారి సినిమాల్లో జెండా రెపరెపలాడేటప్పుడు కనబడే సంస్కృతం మాట పెట్టాలని నా ఆశ. గ్రాఫిక్స్ కుర్రాడు "క్రియా సిద్ధి స్సత్వే భవతి" అని టైపు చేసి పంపాడు. నాకు ఆ "స్స" మీద అనుమానం. మాట మొదట్లో వత్తు ఏంటండీ? అర్థం కూడా "కష్టపడితే ఫలితం ఉంటుంది" అనేనా? పోస్టరు ప్రింటుకి వెళ్ళేలోపు ఎవరైనా చెప్తే పుణ్యముంటుంది.

పాలకొల్లు నుంచి:

సత్వం అంటే బలమే కదండీ. బలముంటే పనవుతుందని. మా వాడి జిమ్ గోడ మీద రాయించాల్సిన మాట, ఆయ్.

అమలాపురం నుంచి:

జిమ్ గోడ మీద రాయించుకోండి, తప్పు లేదు. కానీ రాయించేముందు మిగతా సగం కూడా చదవండి. జెండా కింద ఉన్నది శ్లోకపాదంలో ముక్క మాత్రమే. పాదం మొత్తం ఇదీ:

"క్రియాసిద్ధిః సత్త్వే భవతి మహతాం నోపకరణే"

గొప్పవాళ్ళ విషయంలో పని నెరవేరడమన్నది వాళ్ళ సత్త్వంలో ఉంటుంది, చేతిలో ఉన్న సరంజామాలో కాదు అని భావం. "నోపకరణే" అంటే న, ఉపకరణే. గుణసంధి. ఆ "కాదు" అనే సగాన్ని విజయా వారు వదిలేశారు.

ముందు మీ "స్స" సంగతి. సిద్ధిః అన్న మాట చివర విసర్గ ఉంది. దాని తర్వాత సకారం వస్తే విసర్గని అలాగే ఉంచొచ్చు, సకారంగా మార్చొచ్చు. పాణిని "వా శరి" అని రెంటికీ అనుమతి ఇచ్చాడు. అందుకని "క్రియాసిద్ధిః సత్త్వే" సరైనదే, "క్రియాసిద్ధిస్సత్త్వే" కూడా సరైనదే. రెండో పద్ధతిలో రాశాక, చదవడానికి వీలుగా మాటలు విడగొడదామనుకున్నారు. తెలుగులో వత్తు పై అక్షరాన్ని వదిలి ఉండలేదు కదా, ఆ జంట మొత్తం తర్వాతి మాట నెత్తిన పడింది. పాత అచ్చు పుస్తకాల్లో శ్లోకాలు ఇలా విడగొట్టడం మామూలే. తప్పనలేం గానీ నా కంటికి నచ్చదు. మీరు కలిపి రాయించండి. "క్రియా"కీ "సిద్ధి"కీ మధ్య కూడా ఖాళీ వద్దు, అది సమాసం.

తర్వాత "సత్వే". సత్ మీద త్వ ప్రత్యయం చేరితే సత్త్వం. ఒక త, దాని కింద ఇంకో త, దాని కింద వ. తెలుగులో మనం తత్వం, సత్వం అని తేలిక చేసుకున్నాం, వాడుకలో అది చెల్లిపోయింది. ఇది సంస్కృత వాక్యం కాబట్టి రెండు తలూ ఉంటే బాగుంటుంది. ఛందస్సు మాత్రం ఎలా రాసినా చెడదు. వెనక సంయుక్తాక్షరం ఉంటే చాలు, ముందున్న "స" గురువే. ఇది శిఖరిణి వృత్తం. య మ న స భ గణాలు, చివర లఘువు, గురువు, మొత్తం పదిహేడు అక్షరాలు. సంస్కృతంలో ఆరో అక్షరం దగ్గర విరుపు. "క్రియాసిద్ధిస్సత్త్వే" అని బరువుగా ఆరు అక్షరాలు నడిచి ఆగుతుంది, వెంటనే "భవతి మహ" అని లఘువులు పరుగెడతాయి. విజయా వారి ముక్క "భవతి" దగ్గర, సరిగ్గా మూడో గణం చివర తెగింది. అందుకే అది విరిగిన పద్యంలా వినబడదు, ఒక సూత్రంలా వినబడుతుంది.

పాలకొల్లు వారు బలమన్నారు. సత్త్వం నుంచి తెలుగులోకి సత్తువ వచ్చింది. "ఒంట్లో సత్తువ లేదు" అంటాం. తెలుగులోకి వచ్చేసరికి అది కండబలానికి పరిమితమైపోయింది. సంస్కృతంలో దాని పరిధి పెద్దది. ఉనికి, ప్రాణి, గుణం, ధైర్యం, లోపలి దారుఢ్యం, అన్నీ అదే మాట. ఇక్కడ చివరి రెండూ పనికొస్తాయి.

ఇది ఎక్కడిదంటే, బల్లాలుడి భోజప్రబంధంలో వస్తుంది. అక్కడ ఇది సమస్య. మన కడియం చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారూ, భీమవరం పక్కన యండగండి దివాకర్ల తిరుపతిశాస్త్రిగారూ జంటగా అవధానాల్లో పూరించిన సమస్యల జాతే. చివరి పాదం ఎదుటివాళ్ళు ఇస్తారు, పై మూడు పాదాలూ కవి కట్టుకోవాలి. భోజుడి సభకి ఒక పేద పండితుడు ఇంటిల్లిపాదితో వస్తాడు. ఈ పాదం ఇస్తే ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో శ్లోకం చెప్తారు. ఒకరు అగస్త్యుణ్ణి తీసుకున్నారు. పుట్టింది కుండలో, చుట్టూ జింకలు, కట్టుకున్నది చెట్టు బెరడు, తినేది దుంపలు. అయినా సముద్రాన్ని తాగేశాడు. ఇంకొకరు సూర్యుణ్ణి. రథానికి చక్రం ఒకటే, గుర్రాల పగ్గాలు పాములు, దారికి ఆధారం లేదు, సారథికి కాళ్ళు లేవు. అయినా రోజూ ఆకాశం ఈ కొస నుంచి ఆ కొసకి దాటుతున్నాడు. రథసప్తమికి గొల్లల మామిడాడ వెళ్ళేవాళ్ళు క్యూలో నిలబడి ఈ శ్లోకం తలుచుకోవచ్చు. కోడలు మాత్రం మన్మథుణ్ణి అందుకుంది. పూలవిల్లు, తుమ్మెదల నారి, అసలు ఒళ్ళే లేదు, అయినా లోకాన్ని అల్లకల్లోలం చేస్తున్నాడట. నలుగురిలో ఆ పిల్లే గట్టిదని నా అభిప్రాయం.

కొడుకు చెప్పింది రాముడి శ్లోకం. "విజేతవ్యా లంకా చరణతరణీయో జలనిధిః, విపక్షః పౌలస్త్యో, రణభువి సహాయాశ్చ కపయః". గెలవాల్సింది లంక, సముద్రం కాలినడకన దాటాలి, శత్రువు రావణుడు, యుద్ధంలో తోడు వచ్చింది చూస్తే కోతులు. అయినా రాముడొక్కడే రాక్షసకులాన్నంతా మట్టుపెట్టాడు.

ఇప్పుడు విజయా వారి బొమ్మ గుర్తుచేసుకోండి. జెండా మీద ఉన్నది ఎవరు? హనుమంతుడు. విజయుడంటే అర్జునుడు, అర్జునుడి రథం మీదిది కపిధ్వజం, గీత మొదటి అధ్యాయంలోనే ఆ పేరు ఉంది. కంపెనీ పేరుకీ బొమ్మకీ లంకె అదే. కానీ కింద వేసిన పాదం తాలూకు శ్లోకంలో కోతులు "ఏం తోడులే" అన్న జాబితాలో ఉన్నాయి. "కపయః" అని తేలిగ్గా తీసేసినవాణ్ణి జెండా ఎక్కించి, ఆ శ్లోకం చివరి పాదమే అతని కింద రాశారు. తెలిసి చేశారో, బొమ్మ దారి బొమ్మది, మాట దారి మాటదిగా వచ్చి అక్కడ కలిశాయో గానీ, పాత సినిమా వేసిన ప్రతిసారీ నాకు కథ కంటే ముందు ఆ జెండాయే ముద్దొస్తుంది.

పాలకొల్లు నుంచి:

మాస్టారూ, మరి మిగతా సగం ఎందుకు తీసేశారంటారు? చోటు చాలకా?

అమలాపురం నుంచి:

చోటు కూడా కారణమై ఉండొచ్చు. కానీ ఉంచితే ఎలా ఉండేదో చూడండి. "మహతాం" అంటే గొప్పవాళ్ళకి. దాన్ని మన బొమ్మ కింద మనమే రాసుకుంటే మనల్ని మనమే గొప్పవాళ్ళమని చాటుకున్నట్టు. ఇక "నోపకరణే". నాగిరెడ్డి, చక్రపాణి గార్ల చేతికింద ఉన్నది వాహినీ స్టూడియో. ఫ్లోర్లు, కెమెరాలు, లేబొరేటరీ, జీతాల మీద నటులు, సాంకేతిక నిపుణులు. అంత సరంజామా పెట్టుకున్న కంపెనీ "సరంజామాలో ఏముందండీ" అంటే హాల్లో కూర్చున్నవాడు నవ్వడూ? 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్ తీసినవాళ్ళు. మార్కస్ బార్ట్‌లీ కెమెరా ట్రిక్కులు చూపిస్తుంటే ఉపకరణం అక్కర్లేదని ఎవడు నమ్ముతాడు? ఆ రెండు మాటలూ తీసేసరికి గొప్పలూ పోయాయి, ఎత్తిపొడుపూ పోయింది. మిగిలింది పూర్తి వాక్యమే. కర్త ఉంది, క్రియ ఉంది. తెలుగు బ్యానర్లలో ఇంత తెలివైన కత్తిరింపు నేను ఇంకోటి చూడలేదు.

మీరు రెండో సగం వాడుకుందామనుకుంటే మాత్రం కుదరదు. "మహతాం నోపకరణే" ఒక్కటే నిలబడదు. "గొప్పవాళ్ళకి పరికరంలో కాదు". ఏది కాదు? కర్త అవతలి సగంలో ఉండిపోయింది.

భీమవరం నుంచి:

జెండా మాట వచ్చింది కాబట్టి ఒకటి కలుపుతాను. అమరకోశంలో "పతాకా వైజయంతీ స్యాత్" అని ఉంది. వైజయంతి అంటే జెండా కూడా. మనం మాత్రం వైజయంతీ మూవీస్ అనగానే కృష్ణుడి మెడలో మాల అనుకుంటాం, ఎందుకంటే బొమ్మలో ఎన్టీఆర్ కృష్ణుడిగా శంఖం ఊదుతుంటారు. విజయా వారికి జెండా బొమ్మలో ఉంది, వీళ్ళకి పేరులోనే ఉంది. సురేష్ ప్రొడక్షన్స్ వారి పద్ధతి ఇంకోటి. శ్లోకం లేదు, దేవుడు లేడు, ఇంగ్లీషు అక్షరాలు రెండు, వాటి మీద ఇద్దరు పిల్లలు. రామానాయుడి గారి అబ్బాయిలు.

కాకినాడ నుంచి:

మీరంతా సినిమా దగ్గరే ఆగిపోయారు. సీరియల్ అంటున్నారు కదా, టీవీ లోగోల తాత దూరదర్శన్ కన్ను. అహ్మదాబాద్‌లో డిజైన్ నేర్పే ఎన్‌ఐడీలో విద్యార్థిగా ఉన్నప్పుడు దేవాశిష్ భట్టాచార్య అనే ఆయన గీసిన బొమ్మ. మధ్యలో గుండ్రం, దాని చుట్టూ ఒకదాన్నొకటి తరుముకుంటున్నట్టు రెండు వంపులు. ఇందిరా గాంధీ ఎంపిక చేశారంటారు. 1976 ఏప్రిల్ 1న, ఆకాశవాణి నుంచి దూరదర్శన్ విడిపోయిన రోజే, తెర మీదకి వచ్చింది. వంపులు తిరుగుతూ తిరుగుతూ వచ్చి కన్నుగా కుదురుకునేవి. వెనక షెహనాయి. సంగీతం పండిట్ రవిశంకర్, ఉస్తాద్ అలీ అహ్మద్ హుస్సేన్ ఖాన్ కలిసి చేశారు. రంగులు రాకముందు సంగతి, అయినా ఎవరూ మర్చిపోలేదు. తర్వాత ఎన్ని మార్పులు చేసినా ఆ కన్ను తీసేయలేకపోయారు. 2024లో డీడీ న్యూస్ లోగో ఎరుపు నుంచి కాషాయానికి మారితే రంగు మీద పెద్ద గొడవే అయింది గానీ, ఆకారం మాత్రం అలాగే ఉంది. దాని కింద "సత్యం శివం సుందరం" అని ఉండేది. అది ఏ ఉపనిషత్తులోదండీ మాస్టారూ?

అమలాపురం నుంచి:

అమ్మా, ఈ మూడు మాటలూ ఇదే వరసలో ప్రధానోపనిషత్తుల్లో లేవు. తైత్తిరీయంలో "సత్యం జ్ఞానమనంతం బ్రహ్మ" ఉంది, మాండూక్యంలో "శాంతం శివమద్వైతం" ఉంది. సుందరం రెంటిలోనూ లేదు. పంతొమ్మిదో శతాబ్దంలో బెంగాలు బ్రహ్మసమాజం వాళ్ళ నోట ఈ త్రయం బాగా ప్రచారంలోకి వచ్చింది. వయసులో చిన్నదే, వేషం మాత్రం వేదకాలంది.

ఇంకో మాట. ఇక్కడ శివం అంటే శుభం, మేలు. దేవుడి పేరైతే శివః అని పుంలింగం. ఇక్కడ మూడూ నపుంసకలింగాలు. పంచారామాల్లో నాలుగు మన గోదావరి జిల్లాల్లోనే పెట్టుకున్నవాళ్ళం, ఆ మాట వినగానే ద్రాక్షారామం వైపు చెయ్యెత్తి దణ్ణం పెడతాం. పెట్టండి, నష్టం లేదు.

రావులపాలెం నుంచి:

చాలా థాంక్సండీ అందరికీ. చదివాక టెన్షన్ పెరిగింది. నా దగ్గర డ్రోను, గింబల్, రెండు కెమెరాలు, అన్నీ ఈఎంఐల మీద ఉన్నాయి. "నోపకరణే" అని రాస్తే ఫైనాన్స్ వాడు చూసి ఏమనుకుంటాడో. ఇంకో అనుమానం. లోగోలో మా యూనిట్ పేరు తర్వాత "సమర్పించు" అని వేశాడు. మా చెల్లి చూసి "ఎవరిని సమర్పించమంటున్నావురా" అని నవ్వింది. "సమర్పిస్తున్న" అని మార్చనా?

అమలాపురం నుంచి:

మీ చెల్లెలు అడిగిందాంట్లో న్యాయముంది. ఇప్పటి చెవికి అది ఆజ్ఞలాగే వినబడుతుంది. కానీ అది ఆజ్ఞ కాదు. వ్యాకరణంలో తద్ధర్మార్థక విశేషణం అంటారు. పారే ఏరుని "పారు ఏరు", పాడే పిట్టని "పాడు పిట్ట" అన్నట్టు. "ఫలానా వారు సమర్పించు" అంటే ఫలానా వారు సమర్పించే అని, దాని వెనకే సినిమా పేరు రావాలి. పాత టైటిళ్ళలో వెంటనే పేరు వచ్చేది కాబట్టి వాక్యం అతుక్కునేది. ఇప్పుడు లోగో పడ్డాక నాలుగు కార్డులు నడిచి ఆ తర్వాత పేరు వస్తోంది. విశేషణం ఒడ్డున నిలబడి పడవ కోసం చూస్తుంటుంది. "సమర్పిస్తున్న" అన్నా అదే చిక్కు. "సమర్పణ" అనండి, నామవాచకం, దానంతట అది నిలబడుతుంది. నాకైతే అన్నిటికంటే "వారి" ఇష్టం. "విజయా వారి మాయాబజార్". ఒక్క షష్ఠీ విభక్తితో కంపెనీకి గౌరవం, సినిమాకి ఇంటిపేరు రెండూ వచ్చాయి. మీ యూనిట్ పేరుకి "వారి" తగిలించి కిందే సీరియల్ పేరు వేసుకోండి.

శ్లోకం విషయంలో నా సలహా అడిగితే, అది ఎవరి సొత్తూ కాదు, వాడుకోవచ్చు. కానీ తెలుగువాడి కంటికి ఆ తొమ్మిది అక్షరాలు విజయా వారివే. మీరు పెడితే అనుకరణ అంటారు. పెట్టి తీరాలనుకుంటే పాదం మొత్తం పెట్టండి, అప్పుడది భోజుడి సభది అవుతుంది. "మహతాం" అన్నందుకు ఊళ్ళో నాలుగు మాటలు పడాల్సొస్తే పడండి.

భీమవరం నుంచి:

ఏది పెట్టినా ముందు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చూసుకోండి. టెక్స్ట్ సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల ఇంజన్ ఆన్ చేయకపోతే తెలుగు వత్తులు విడిపోతాయి. "త్త్వే" మూడు ముక్కలై పక్కపక్కన కూర్చుంటుంది. ప్రెస్ వాళ్ళ దగ్గర అను ఫాంట్లలో కొట్టించి బొమ్మగా తెచ్చుకుంటే ఆ బాధ ఉండదు. ఫోను తెర మీద కింది వత్తు కనబడుతుందో లేదో కూడా చూడాలి. ఐదు సెకన్లలో పదిహేడు అక్షరాలు ఎవరూ చదవరు.

రావులపాలెం నుంచి:

కుర్రాడికి చెప్పానండి. పోస్టరు మీద పాదం మొత్తం, చిన్న అక్షరాల్లో. వీడియోలో యూనిట్ పేరు, పక్కన "వారి", అంతే. శ్లోకం తీసేసిన చోట వెనకాల గౌతమి మీద పంటు వెళ్తున్న షాట్ పెడతానంటున్నాడు. పోస్టరు శుక్రవారం ప్రింటుకి వెళ్తుంది, ప్రూఫ్ రేపు ఇక్కడే పెడతాను. "త్త్వే" ఒకసారి చూసి చెప్పండి మాస్టారూ.