నైట్ షెల్టర్‌కు మున్సిపాలిటీ డబ్బు: స్వచ్ఛంద సంస్థ చేతికి ఇవ్వాలా, వద్దా?

పన్నుకట్టేవాడు:
మా ఊళ్లో బస్టాండు వెనక ఇల్లూ వాకిలీ లేనివాళ్ల కోసం ఒక షెల్టర్ ఉంది. కట్టించింది మున్సిపాలిటీ, నడిపేది ఒక స్వచ్ఛంద సంస్థ. ఇన్నాళ్లూ పట్టణ జీవనోపాధుల మిషన్ కింద కేంద్రం, రాష్ట్రం కలిసి డబ్బిచ్చేవి. ఆ మిషన్ గడువు 2024 సెప్టెంబరుతో అయిపోయింది. ఇప్పుడు నిర్వహణ ఖర్చు మున్సిపాలిటీ జనరల్ ఫండ్ నుంచి ఇవ్వాలని కౌన్సిల్‌కు ఫైలు పెట్టారు. నేను వ్యతిరేకం. ఆస్తిపన్ను కట్టేది రోడ్లకీ, నీళ్లకీ, కాల్వలకీ. మా వీధిలో గట్టి వాన పడితే పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని బడికి తీసుకెళ్లాలి. ఆ కాల్వ పనికి నిధుల్లేవంటారు, దీనికెక్కణ్నుంచి వస్తాయి? సేవ చేస్తామన్నవాళ్లు చందాలు వసూలు చేసుకుని చేయాలి. బిల్లు పెట్టి చేసేదాన్ని సేవ అంటారా? మీరేమంటారో చెప్పండి.

ఓరుగల్లు పిలగాడు:
మా తెలంగాణల 2019 మున్సిపల్ చట్టంలో బడ్జెట్‌ల 10 శాతం పచ్చదనానికి పెట్టాలని రాసిన్రు అన్నా. మంచిదే, మొక్కలు కావాలె. కానీ ఫుట్‌పాత్ మీద పడుకునేటోడికి ఇంత శాతం అని ఏ చట్టంల ఉందో చూపించు.

రాత్రిడ్యూటీ:
పన్నుకట్టేవాడు గారూ, నేను వేరే జిల్లాలో ఇలాంటి షెల్టర్‌లో పనిచేసి మానేశాను. ఇప్పుడు ఎవరి మొహమాటమూ లేదు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తా.

ముందు లెక్క. మిషన్ మార్గదర్శకాల ప్రకారం 50 మంది పట్టే షెల్టర్‌కు ఏడాది నిర్వహణ ఖర్చు 6 లక్షలు. అంటే నెలకు 50 వేలు, మనిషికి రోజుకు 33 రూపాయల చిల్లర. ఇందులోనే మూడు షిఫ్టుల కేర్‌టేకర్ల జీతాలు, కరెంటు, ఫినాయిల్, దుప్పట్ల ఉతుకు, పగిలిన ట్యాప్ రిపేరు. దుప్పట్ల సంగతి బయటివాళ్లకు తెలియదు. గజ్జి ఉన్న మనిషి ఒక్క రాత్రి కప్పుకున్నా దాన్ని వేడినీళ్లలో ఉడికించాల్సిందే, లేకపోతే వారంలో గదంతా గోక్కుంటుంది. ఆ పని చేసే మనిషికి ఇచ్చేది కనీస వేతనం కూడా కాదు.

అసలు కథ రేటు దగ్గర కాదు, రాక దగ్గర ఉంది. బిల్లు సెక్షన్‌లో పెట్టాలి, పాత విడత యూసీ (డబ్బు దేనికి ఖర్చయిందో చూపే ధ్రువపత్రం) జత చేయాలి, కమిషనర్ సంతకం కావాలి, ఆ పైన ట్రెజరీలో కదలాలి. మేం పెట్టిన బిల్లు కదిలేలోపు ఒక కాలం మారిపోయేది. ఈలోపు మా సెక్రటరీ మేడం ఒంటి మీది బంగారం బ్యాంకులో పెట్టి కేర్‌టేకర్లకు జీతాలిచ్చారు. బిల్లొచ్చాక విడిపించడం, తర్వాతి బిల్లుకు మళ్లీ పెట్టడం. చివరికి ఆ సంస్థ షెల్టర్ వదిలేసింది. దాని చోట వచ్చింది ఎవరనుకున్నారు? మూడు జిల్లాల్లో హౌస్‌కీపింగ్ కాంట్రాక్టులు చేసే ఏజెన్సీ. వాళ్లకు పెట్టుబడి ఉంది, ఆర్నెల్లు ఆగగలరు, బిల్లు ఎక్కడ ఆగిందో, ఎవరిని కలిస్తే కదులుతుందో తెలుసు. సంస్థలన్నీ దొంగలే అని మనం తిట్టుకుంటాం. నిజాయితీగా నడిపేవాళ్లను ముందు మాడ్చి పంపించేది ఈ ఆలస్యమే.

లెక్కలమాస్టారు:
నేను స్థానిక సంస్థల ఆడిట్‌లో చేసి రిటైరైనవాణ్ని. రాత్రిడ్యూటీ గారి బాధ అర్థమైంది గానీ, బల్లకు ఇటువైపు నుంచీ చూడండి. షెల్టర్ రిజిస్టర్ తెరిస్తే ప్రతి రాత్రీ నిండుగా ఉంటుంది, సంక్రాంతి రాత్రి కూడా. సంతకాలన్నీ ఒకే పెన్ను, ఒకే వాలు. ఊరి పేరు కాలమ్‌లో వరసగా కింద డిటో. ఇలాంటిది చూశాక నోరు మూసుకుని పాస్ చేయమంటారా?

తలకింత అని ఇస్తే రిజిస్టర్ నిండుతుంది. మొత్తంగా ఇంత అని ఇస్తే గేటుకు తాళం పడుతుంది, ఎవరూ రాకపోయినా డబ్బు వస్తుంది కదా. ఈ రెండు రోగాలకూ మందు దొరకలేదు. అందుకే నా మాట, మున్సిపాలిటీయే సొంత మనుషులతో నడపాలి. కొత్త సంగతేమీ కాదు. హైదరాబాద్ కార్పొరేషన్‌లో 1967 నుంచే అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ విభాగం ఉంది. కమ్యూనిటీ ఆర్గనైజర్లు బస్తీల్లో తిరిగి బాల్వాడీలు, కుట్టు కేంద్రాలు నడిపించారు. జీతం మున్సిపాలిటీది, జవాబుదారీ కూడా దానిదే.

కొత్తపేట కోడలు:
మాస్టారూ, ఆ రోజుల్లో పోస్టులుండేవి. ఇప్పుడు శానిటేషన్ నుంచి వీధి దీపాల దాకా అంతా ఔట్‌సోర్సింగే. షెల్టర్ ఒక్కదానికి పర్మనెంట్ మనిషిని వేస్తారా? మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద మా పొదుపు సంఘాల సమాఖ్యలున్నాయి, వాటికిస్తే మా ఆడవాళ్లకూ పని దొరుకుతుంది.

రాత్రిడ్యూటీ:
కోడలు గారూ, ఆడవాళ్ల షెల్టర్ అయితే తప్పకుండా ఇవ్వాలి. మగవాళ్ల షెల్టర్‌లో అర్ధరాత్రి తాగొచ్చి తలుపు బాదేవాడిని సంభాళించే డ్యూటీ ఆరువేలకో ఏడువేలకో చేయమని సంఘం మీద పెట్టకండి.

మాస్టారూ, రిజిస్టర్ల మాట నిజమే, అలాంటివి ఉన్నాయి. కానీ ఆడిట్ మమ్మల్ని అడిగింది వేరే. ఆధార్ నంబర్ కాలమ్ ఎందుకు ఖాళీగా ఉంది అని. పేరు చెప్పడానికే గంట పట్టే ముసలాయన దగ్గర ఆధార్ ఎక్కణ్నుంచి తెస్తాం? ఖాళీ వదిలితే బిల్లులో కోత. అప్పుడేం జరుగుతుంది, ఆధార్ ఉన్నవాళ్లనే లోపలికి రానిస్తారు. వాళ్లలో సగం మంది పక్క ఊరి కూలీలు. అసలు మనిషి మళ్లీ బస్టాండు బెంచీ మీదే. దొంగతనం ఆపడానికి పెట్టిన కాలమ్ వల్ల షెల్టర్ ఎవరి కోసమో వాళ్లే బయట మిగిలారు. రాత్రి పదకొండుకు చెప్పాపెట్టకుండా వచ్చి తలలు లెక్కపెట్టుకుంటే తేలిపోయేదానికి ఇదంతా అవసరమా? నేనున్నన్నాళ్లూ రాత్రిపూట తనిఖీకి ఒక్క అధికారీ రాలేదు. వచ్చినవాళ్లంతా మధ్యాహ్నం భోజనమయ్యాక వచ్చారు, అప్పుడు షెల్టర్‌లో ఎవరుంటారు?

గోదారిగట్టు:
ఓరుగల్లు తమ్ముడూ, చట్టంలో శాతం రాస్తే పని అయిపోతుందనుకోకు. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు 1960 చట్టం కింద వసూలవుతోంది. మన దగ్గర వసూలు చేస్తారు, గ్రంథాలయ సంస్థకు జమ చేయరు. బకాయిలు పేరుకుపోయాయని ఏటా పేపర్లో చదువుతూనే ఉంటాం. లైబ్రరీలో మాత్రం చిరిగిన పేపర్లు, తిరగని ఫ్యాన్లు. రేపు నిరాశ్రయుల సెస్సు పెట్టినా ఆ డబ్బు కూడా అక్కడే ఆగుతుంది.

పన్నుకట్టేవాడు గారికి ఒక మాట. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్‌లో మున్సిపాలిటీల పనులు 18 ఉన్నాయి. రోడ్లూ, నీళ్లతో పాటు బలహీన వర్గాల రక్షణ, పట్టణ పేదరికం తగ్గించడం కూడా అందులోనివే. లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలని 2010లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. కాబట్టి ఇది దయతో చేసే ధర్మం కాదు. ఇవ్వాలా వద్దా అని ఓటింగ్ పెట్టే విషయం కాదని నా ఉద్దేశం.

కేరాఫ్ కోళికోడ్:
ఉద్యోగరీత్యా కేరళలో ఉంటున్నా. ఇక్కడ మంచాన పడ్డ రోగుల ఇళ్లకు వెళ్లే పాలియేటివ్ నర్సు జీతం పంచాయతీ ఇస్తుంది. ఆమెతో పాటు తిరిగేది, ఎవరింట్లో మందులు అయిపోయాయో కనిపెట్టేది ఊళ్లోని వాలంటీర్లు. 1993లో కోళికోడ్ మెడికల్ కాలేజీలో ఒక చిన్న సొసైటీగా మొదలైంది, 2008లో రాష్ట్రం విధానంగా తీసుకుంది. సంస్థా, సర్కారా అని కొట్టుకోకుండా, నెలనెలా తప్పనిసరిగా ఇవ్వాల్సిన జీతం ప్రభుత్వం పెట్టుకుని, జనం చేయగలిగింది జనానికి వదిలారు.

పన్నుకట్టేవాడు:
కేరళ ఉదాహరణ లేకుండా మన దగ్గర ఏ చర్చా పూర్తవదు లెండి. అక్కడ స్థానిక సంస్థలకు రాష్ట్రం ఇచ్చే వాటా వేరు, మన మున్సిపాలిటీల సంగతి వేరు. గోదారిగట్టు గారు చెప్పిన షెడ్యూల్ సంగతి ఒప్పుకుంటున్నా. కానీ కోర్టు చెప్పినంత మాత్రాన గల్లాపెట్టెలో డబ్బు పుట్టదుగా. సరే, ఇవ్వాల్సిందే అనుకుందాం. మా కౌన్సిలర్ నాకు తెలిసినవాడే. ఫైలులో ఏ షరతు పెట్టమని చెప్పాలి? ఒక్కటి చెప్పండి, పది చెబితే వినడు.

రాత్రిడ్యూటీ:
ఒక్కటే అంటే, మూడు నెలల ఖర్చు ముందే సంస్థ ఖాతాలో వేయమనండి. తర్వాతి విడత వచ్చేది పాత విడత లెక్క చూపి, రాత్రి తనిఖీలో తలలు సరిపోయాకే. ఇలా చేస్తే బంగారం తాకట్టు పెట్టే అవసరం లేకుండా చిన్న సంస్థలు కూడా ముందుకొస్తాయి. టెండర్‌లో మూడేళ్ల టర్నోవర్ ఇంత ఉండాలి, ఈఎండీ (టెండర్ ధరావతు) ఇంత కట్టాలి అని రాశారంటే మాత్రం మళ్లీ ఆ హౌస్‌కీపింగ్ ఏజెన్సీయే గ్యారంటీ.

లెక్కలమాస్టారు:
రాత్రి తనిఖీకి నేనూ ఓటేస్తా. అడ్వాన్సు దగ్గరే పేచీ. సర్వీసు చేయకముందే డబ్బిస్తే ఆడిట్ పేరా (అభ్యంతరం) పడుతుంది, సంతకం పెట్టిన కమిషనర్ రిటైరయ్యాక కూడా సమాధానం చెప్పుకోవాలి. అందుకే ఎవరూ పెట్టరు.

గోదారిగట్టు:
కాల్వ కాంట్రాక్టర్‌కు మొబిలైజేషన్ అడ్వాన్సు అని పని మొదలుకాకముందే ఇస్తారు కదా మాస్టారూ? ఒప్పందంలో ఆ క్లాజు రాస్తారు, పేరా పడదు. షెల్టర్ ఒప్పందంలో కూడా అదే క్లాజు రాయించండి.

లెక్కలమాస్టారు:
కాంట్రాక్టర్ బ్యాంకు గ్యారంటీ పెడతాడండీ.

గోదారిగట్టు:
షెల్టర్ బిల్డింగూ, మంచాలూ, తాళాలూ అన్నీ మున్సిపాలిటీవే. లక్షన్నర రూపాయలకు సంస్థ పట్టుకుని ఎక్కడికి పారిపోతుంది? పన్నుకట్టేవాడు గారూ, మీ కౌన్సిలర్‌కు ఈ క్లాజు వాట్సాప్‌లో పంపండి, మీటింగ్ ఎప్పుడో ఇక్కడ చెప్పండి.