ఒకే వాక్యం మూడు బ్లాగుల్లో కనిపించింది. ఆవిడను ఏమని అడగాలి?

వసుంధర

ఎంతోకాలంగా వదలకుండా చదువుతున్న బ్లాగు ఒకటి ఉంది. దాని పేరు ఇక్కడ చెప్పను. రాసేది మంచానపడ్డ తల్లిని ఇంట్లోనే ఉంచి చూసుకుంటున్న ఒకావిడ. తల్లి ఒక్కోపూట కూతుర్ని గుర్తుపట్టక చిన్నప్పటి స్నేహితురాలి పేరుతో పిలవడం, ఒక్క మాత్ర మింగించడానికి పట్టే అరగంట, విసుగొచ్చి తల్లిని కసిరిన రోజు రాత్రి నిద్రపట్టక రాసుకున్న నాలుగు పేరాలు... చదువుతుంటే మా ఇంటి సంగతులే ఎవరో కూర్చుని రాస్తున్నట్టుండేది. మా నాన్నగారు పక్షవాతం వచ్చి మంచం దిగలేని స్థితిలో ఉన్నారు. పక్కబట్టలు మార్చేటప్పుడు మనిషిని ముందు ఎటు ఒత్తిగిలించాలో, మన నడుము పట్టేయకుండా మోకాలు ఎక్కడ ఆన్చుకోవాలో ఆవిడ టపాల్లోనే నేర్చుకున్నాను. ఆసుపత్రిలో ఎవరూ అంత వివరంగా చెప్పలేదు.

ఈమధ్య ఆవిడ ఒక గాలిపరుపు గురించి రాశారు. గొట్టాల్లో గాలి ఒకదాని తర్వాత ఒకటిగా నిండుతూ తగ్గుతూ ఉండే రకం, ఒంటికి పుండ్లు పడకుండా వాడతారు. అందులో ఒక వాక్యం: "ఇప్పుడు రాత్రి అలారం పెట్టుకోవడం మానేశాను, అమ్మా నేనూ తెల్లవారేదాకా హాయిగా నిద్రపోతున్నాం." రాత్రి రెండు గంటలకోసారి లేచి నాన్నగారిని పక్కకు తిప్పే నాకు ఆ వాక్యం ఎలా వినిపించి ఉంటుందో ఊహించండి. అదే కంపెనీ పరుపు తెప్పించాం, అలారం తీసేశాం. కొన్ని వారాలకు ఆయన మడమ మీద ఎర్రగా కమిలింది. వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పోలేదు. ఇంటికి వచ్చే నర్సు చూసి, ఏ పరుపు మీద పడుకోబెట్టినా మనిషిని తిప్పడం మానకూడదని గట్టిగా చెప్పారు.

ఆ తర్వాత పంపు ఒత్తిడి ఎంత పెట్టాలో వెతుకుతుంటే మరో రెండు బ్లాగులు తగిలాయి. ప్రమాదంలో నడుము దెబ్బతిన్న భార్యను చూసుకుంటున్న ఆయనది ఒకటి: "ఇప్పుడు రాత్రి అలారం పెట్టుకోవడం మానేశాను, ఆమే నేనూ తెల్లవారేదాకా హాయిగా నిద్రపోతున్నాం." అమ్మమ్మ గురించి ఒక అమ్మాయి రాసిన దాంట్లోనూ అదే వాక్యం, మనిషి మాత్రమే మారారు.

అప్పటినుంచి ఆవిడ పాత టపాలు తెరవబుద్ధి కావడం లేదు. తల్లిని కసిరానని రాసిన ఆ రాత్రి కూడా ఎవరైనా రాసిచ్చిందేనా? అసలు ఆ తల్లి ఉన్నారా? ఆవిడను అడగాలని ఉంది. నిందించినట్టు కాకుండా, నిజం తెలిసేలా ఎలా అడగాలి?


భాస్కర్

వసుంధర గారూ, ముందు మీ నాన్నగారి మడమ తగ్గాలని కోరుకుంటున్నాను.

ఆ వాక్యం ఆవిడది కాదు. కంపెనీ తరఫున ప్రచారం చూసే ఏజెన్సీ పంపే కాగితంలోది. దాన్ని బ్రీఫ్ అంటారు. అలాంటివి తయారుచేసే చోట కొన్నేళ్లు పనిచేశాను కాబట్టి అందులో ఏముంటుందో చెప్పగలను.

టపా మొదటి మూడోవంతులో సరుకు పేరు రాకూడదు. ముందు కష్టం చెప్పాలి, అది రచయిత సొంత కష్టమే అయి ఉండాలి. ఆ భాగంలో మేము వేలు పెట్టేవాళ్లం కాదు, ఎందుకంటే మాకు కావలసింది అదే, మాకు రాయడం చేతకానిదీ అదే. తర్వాత సరుకు వస్తుంది. దాంట్లో చిన్న లోపం ఒకటి తప్పకుండా చెప్పాలి. కొనేవాళ్లు వెనకడుగు వేసేంతటి లోపం కాకూడదు: పంపు తీగ కాస్త పొట్టి, విప్పిన రోజు రబ్బరు వాసన వచ్చింది, అలాంటివి. లోపం చెప్పని పొగడ్తను జనం నమ్మరని ఏజెన్సీలకు బాగా తెలుసు. రెండు మూడు వాక్యాలు మాత్రం ఇచ్చినవి ఇచ్చినట్టే వాడాలి. పోటీ కంపెనీ ఊసెత్తకూడదు. ప్రచురించే ముందు మాకు చూపించాలి. ప్రచురించాక ఒప్పందంలో రాసిన గడువు దాకా తీసేయకూడదు, మార్చకూడదు.

డబ్బు అందినట్టు పాఠకులకు చెప్పమని గానీ, చెప్పవద్దని గానీ కాగితంలో ఉండేది కాదు. ఎవరైనా అడిగితే, మీ ఇష్టం, కానీ టపా చివర పెట్టండి అని ఫోనులో చెప్పేవారు. చివరిదాకా చదివేవాళ్లు తక్కువ. ఆపాటికి లింకు నొక్కాలనుకున్నవాళ్లు నొక్కేసి ఉంటారు.

ఎవరిని ఎంచుకునేవారో కూడా వినండి. పాఠకుల సంఖ్య రెండో లెక్క. ముందు వ్యాఖ్యలు చూసేవారు. "మీరు రాసింది చదివి ఏడ్చాను", "మా ఇంట్లోనూ ఇంతే" అని వ్యాఖ్యలు వచ్చే బ్లాగు ఆ జాబితాలో అన్నిటికంటే పైన ఉండేది. బోలెడు సరుకుల గురించి రాసే పెద్ద బ్లాగు కన్నా, ఎన్నడూ ఏదీ అమ్మని చిన్న బ్లాగుకే విలువ ఎక్కువ. అందుకే మీ ప్రశ్నకు నా జవాబు: ఆ తల్లి ఉన్నారు. ఆ రాత్రి కూడా నిజమే అయి ఉంటుంది. కల్పితమైన తల్లి గురించి రాసే చోట అన్ని వ్యాఖ్యలు అంతకాలం రావు. కంపెనీ డబ్బు పెట్టింది ఆ నిజం మీదే. నాకు ఎక్కువ కోపం తెప్పించేది కూడా అదే.


వసుంధర

భాస్కర్ గారూ, మీరు రాసింది చదివి ఆ టపా మళ్లీ తెరిచాను. పంపు తీగ పొట్టిగా ఉందన్న మాట ఉంది. నాలుగో పేరాలో.


శారద

నేను కుట్టుపని మీద బ్లాగు రాస్తాను, అందులో కమీషన్ వచ్చే లింకులు (నొక్కి ఎవరైనా కొంటే నాకు కొంత ముట్టేవి) కూడా ఉన్నాయి. ఆ సంగతి ప్రతి టపా మొదటి వరుసలోనే చెబుతాను. కాబట్టి డబ్బు తీసుకునే వాళ్లందర్నీ ఒకే గాటన కట్టేయకండి అని ముందుగా అడుగుతున్నాను.

కమీషన్ లింకు, ఉచితంగా ఇచ్చిన సరుకు, డబ్బిచ్చి రాయించుకున్న టపా, ఈ మూడూ వేరు. మొదటి దాంట్లో ఏం రాయాలో నాకెవరూ చెప్పరు. అమెజాన్ 1996 నుంచే ఈ పద్ధతి నడుపుతోంది. లింకు మీద మౌస్ ఉంచి చూస్తే చిరునామాలో 'ట్యాగ్' అన్న మాట, పక్కన ఒక గుర్తింపు పేరు కనిపిస్తాయి. ఆ లింకు నొక్కిన 24 గంటల్లోపు మీరు అక్కడ వేరే వస్తువు కొన్నా సాధారణంగా ఆ లింకు పెట్టినవారికే కమీషన్ వస్తుంది. డబ్బిచ్చి పెట్టించిన లింకులూ ఉంటాయి. వాటికి పేజీ కోడులో 'స్పాన్సర్డ్' అనో 'నోఫాలో' అనో గుర్తు పెట్టాలని గూగుల్ చెబుతుంది. రెండోది 2005లో వచ్చింది, మొదటిది 2019లో. మీ పరుపు టపాలో లింకు మీద కుడి క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ నొక్కండి. 'స్పాన్సర్డ్' గుర్తు ఉంటే డబ్బు సంగతి సెర్చ్ ఇంజిన్‌కు చెప్పి మీకు చెప్పలేదన్నమాట. లేకపోతే ఇద్దరికీ చెప్పకపోయి ఉండవచ్చు.

ఏమీ దాచని నాలాంటివాళ్ల మీద కూడా డబ్బు పనిచేస్తుంది, అది ఒప్పుకోకపోతే ఈ చర్చకు అర్థం లేదు. రెండు కుట్టుమిషన్లను పోల్చి రాసేటప్పుడు, కమీషన్ రాని మిషను దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణం సంగతి పాఠకులకు తెలిసి ఉండాలి. మొదటి వరుసలో చెప్పడం అందుకే.

ఇక ఆ తల్లి నిజమా కాదా అన్నది. వసుంధర గారూ, రెండు పాత ఉదంతాలు చూడండి. ఆస్ట్రేలియాలో బెల్ గిబ్సన్ అనే ఆవిడ తనకు మెదడు క్యాన్సర్ ఉందని, ఆహారంతో దాన్ని తట్టుకుంటున్నానని రాసి, ఆ పేరుతో యాప్, పుస్తకం అమ్మారు. అసలు క్యాన్సరే లేదని 2015లో ఒప్పుకున్నారు. 2017లో అక్కడి ఫెడరల్ కోర్టు 4,10,000 ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. అక్కడ జీవితమే అబద్ధం.

రెండోది 2006 నాటిది. అమెరికాలో ఒక జంట పెద్ద వాహనంలో ఊరూరా తిరుగుతూ, రాత్రిళ్లు వాల్‌మార్ట్ దుకాణాల ఆవరణల్లో ఆగుతూ, అక్కడి ఉద్యోగులతో మాట్లాడి బ్లాగులో రాశారు. జంట నిజం, ప్రయాణం నిజం, ఆ ఉద్యోగులూ నిజం. కానీ ఖర్చులు పెట్టుకున్నది వాల్‌మార్ట్ డబ్బుతో నడిచే ఒక సంస్థ, వెనక ఉన్నది ఎడెల్మన్ అనే ప్రచార సంస్థ. అది బయటపడ్డాక ఎడెల్మన్ అధిపతి క్షమాపణ చెప్పారు. ఆ బ్లాగులో అసంతృప్తిగా ఉన్న ఉద్యోగి ఎవరూ కనబడలేదు. డబ్బుకు అబద్ధం రాయించనవసరం లేదు, కొన్ని నిజాలను వదిలేయిస్తే చాలు. మీ బ్లాగరు ఈ రెండో కోవకు చెందినవారని నాకనిపిస్తోంది. ఆవిడ రాత్రి అలారం నిజంగా మానేశారా అన్నది మాత్రం నాకు అనుమానమే.

చట్టాల మాట కూడా రెండు ముక్కల్లో. సరుకు అమ్మేవాళ్లతో సంబంధం ఉంటే బ్లాగర్లూ బయటపెట్టాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లోనే తన మార్గదర్శకాల్లో చేర్చింది. భారత ప్రభుత్వం 2023 జనవరిలో ఇచ్చిన సూచనల ప్రకారం ఆ మాట తేలిగ్గా కంటపడేలా, ప్రచారం చేసిన భాషలోనే ఉండాలి. తెలుగులో ఏడిపించి, డబ్బు సంగతి ఇంగ్లీషులో గొణిగితే చాలదు.


ఉష

నేను నర్సును. బ్లాగు మాటలు మీరంతా చూసుకుంటున్నారు, నేను మడమ సంగతి చెబుతాను. ఆ పరుపులు మంచివే, ఉపయోగం ఉంది. కానీ అవి తిప్పే పనికి తోడు మాత్రమే. తిప్పడం మానేయమని చెప్పేది ఏదైనా నమ్మకండి. మడమ పరుపుకు అసలు తగలకుండా పిక్క కింద దిండు పెట్టండి, మడమ గాలిలో ఉండాలి. కమిలిన చోట రుద్దవద్దు. పంపు ఒత్తిడిని ఆయన బరువుకు సరిపెట్టారో లేదో చూడండి. రంగు ముదిరినా, చర్మం పగిలినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. రాత్రి ఎన్ని గంటలకోసారి తిప్పాలో మీ నర్సుతోనే మాట్లాడి నిర్ణయించుకోండి, మీరూ నిద్రపోవాలి కదా.

ఆ టపా ఇంకా అలాగే ఉందని తలచుకుంటేనే నాకు కడుపు మండిపోతోంది. ఈ రాత్రి కూడా ఎవరో చదువుతూ ఉంటారు.


వసుంధర

అందరికీ కృతజ్ఞతలు. ఉష గారూ, దిండు పెట్టాను. శారద గారూ, చూశాను, లింకుకు ఏ గుర్తూ లేదు. ఆవిడకు పంపడానికి ఇది రాసుకున్నాను. వ్యాఖ్యగా పెట్టాలా, మెయిల్‌లో పంపాలా?

"నమస్కారం. మీ టపాలు చదివే మా నాన్నగారిని చూసుకోవడం నేర్చుకున్నాను, అందుకు మీకు రుణపడి ఉన్నాను. పరుపు గురించి మీరు రాసిన ఒక వాక్యం మరో రెండు బ్లాగుల్లో కూడా చూశాను. లింకులు కింద ఇస్తున్నాను. రెండే అడుగుతున్నాను. ఆ పరుపు మీరు కొన్నారా, ఎవరైనా ఇచ్చారా? రాత్రి అమ్మగారిని తిప్పడం నిజంగానే మానేశారా? మేము మానేశాక నాన్నగారి మడమ కమిలింది. మీరు డబ్బు తీసుకుని ఉంటే నేను తప్పుపట్టను. కానీ ఆ వాక్యాన్ని దయచేసి తీసేయండి."


భాస్కర్

మెయిల్‌లో పంపండి. నలుగురి ముందు అడిగితే ఆవిడ జవాబు చెప్పక ముందే మిగతా పాఠకులు ఆవిడ తరఫున మీ మీద విరుచుకుపడతారు. అలాంటివి చాలా చూశాను. ఒకసారి బిగుసుకున్నాక నిజం చెప్పాలని ఉన్నా చెప్పలేరు.

ఉత్తరం బాగుంది. "మీరు డబ్బు తీసుకుని ఉంటే నేను తప్పుపట్టను" అన్నది మాత్రం కొట్టేయండి. మీరు తప్పుపడుతున్నారు, పట్టాలి కూడా. అది లేకపోయినా ఉత్తరంలో మర్యాద ఎక్కడా తగ్గలేదు.

చివరి వాక్యం కూడా మార్చండి. తీసేయమని అడిగితే ఒప్పందం అడ్డొస్తుంది, గడువు తీరేదాకా పాత టపాను ముట్టుకోకూడదని రాసి ఉంటుంది. డబ్బు తిరిగి ఇవ్వమంటారని ఆవిడ భయపడవచ్చు. నేను చూసిన ఒప్పందాలన్నీ ఆ ఒక్క టపాకే పరిమితం. అందుకే తీసేయమనడానికి బదులు, పరుపు ఉన్నా రాత్రి తిప్పాల్సిందేనని, ఈ పరుపు ఎవరిచ్చారో కూడా చెబుతూ కొత్త టపా ఒకటి రాయమని అడగండి. ఉష గారు చెప్పిన దిండు సంగతి ఉత్తరంలో చేర్చి పంపండి. ఆవిడకు కూడా ఇంట్లో ఒక మడమ ఉంది, ముందు అది చదువుతారు.