పాత కంప్యూటర్ల పిచ్చోళ్లకి వేరే గ్రూపు పెట్టాలా, వద్దా?

అందరికీ నమస్కారం. పాత లాప్‌టాప్‌లకి ఎస్‌ఎస్‌డీ (వేగంగా నడిచే డిస్కు) వేసి, ర్యామ్ పెంచి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్కించి వాడుకునేవాళ్లం కొందరం ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయాక కొత్తవాళ్లు బాగా పెరిగారు, అందరిదీ ఒకటే గోల, "అన్నా, నా దాంట్లో టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్పు) లేదంట, విండోస్ 11 ఎక్కదంట, ఏం చేయాలి?" ఎవరో ఓపిగ్గా స్టెప్పులన్నీ రాసి పెడతారు, తెల్లారేసరికి అది గుడ్ మార్నింగ్ ఫొటోల కింద పడిపోతుంది, మళ్లీ అదే ప్రశ్న.

అందుకే టెలిగ్రామ్‌లో వైఫై డ్రైవర్లకి ఒక టాపిక్, తెలుగు కీబోర్డుకి ఒకటి, ఇలా విడగొడదామని కొందరంటున్నారు. డిస్కార్డ్ అనే ఇంకో చాట్ యాప్ మేలనేవాళ్లూ ఉన్నారు గానీ అక్కడ రాసింది గూగుల్‌లో దొరకదు, ఇక అంత కష్టపడి రాసి ఏం లాభం? పెద్దవాళ్లేమో ఇంకో యాప్ అంటేనే వద్దు బాబోయ్ అంటున్నారు. నాకైతే టెలిగ్రామే మేలనిపిస్తోంది.

ఇలాంటివి నడిపినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, వాట్సాప్, టెలిగ్రామ్ రెండూ ఉంచితే జనం చీలిపోతారా? సెకండ్ హ్యాండ్ పార్టుల అమ్మకాలు రానివ్వాలా, మొదట్లోనే ఆపేయాలా? అడ్మిన్లు ఎంతమంది ఉంటే గొడవలు తక్కువ?