నే విన్: 1958లో చేసింది కూడా కుట్రేనా?

చరిత్ర_పిచ్చోడు: బర్మా జనరల్ నే విన్ అనగానే అందరూ 1962 మార్చి 2 సైనిక కుట్రే ఎత్తుతారు. 1958లో అప్పటి ప్రధాని ఊ ను (U Nu) తానే ఇతన్ని పిలిచి పగ్గాలిస్తే, రంగూన్ వీధులు శుభ్రం చేయించి, 1960లో ఎన్నికలు పెట్టి దిగిపోయాడు. నియంతలు అలా దిగుతారా?

బర్మాక్యాంపు_మనవడు: పిలిచాడా, పిలిపించుకున్నాడా? అధికార పార్టీ రెండుగా చీలింది, సైన్యం తిరగబడుతుందని పుకార్లు. ఆ భయంలో ఇచ్చిన ఆహ్వానం అది.

చరిత్ర_పిచ్చోడు: ఆహ్వానం ఆహ్వానమే. పార్లమెంటు ఓటేసింది.

సుబ్బు_కాకినాడ: 1958 దాటి ముందుకెళ్తారా స్వామీ?

బర్మాక్యాంపు_మనవడు: వెళ్దాం. 1962 జులైలో రంగూన్ యూనివర్సిటీ విద్యార్థి సంఘం భవనాన్ని పేల్చేశారు. 1964లో దుకాణాలు జాతీయం చేశారు, 50, 100 క్యాట్ నోట్లు రద్దు చేశారు. మా తాత బియ్యం కొట్టు తాళాలు లాక్కున్నారు. రేవులో మా నాయనమ్మ చెవిదుద్దులు కూడా తీయించారు. విశాఖ చేరేసరికి ఒక ట్రంకుపెట్టె మిగిలింది.

చరిత్ర_పిచ్చోడు: బాధే, కాదనను. దిగువ బర్మా వరి పొలాల్లో దాదాపు నాలుగో వంతు చెట్టియార్ల (తమిళ వడ్డీ వ్యాపారుల) చేతికి పోయిందని కూడా రాయండి మరి.

బర్మాక్యాంపు_మనవడు: మా తాత చెట్టియార్ కాదండీ! మావాళ్లు ఓడరేవులో బస్తాలు మోసి, ఆ డబ్బుతో కొట్టు పెట్టుకున్నోళ్లు.

చరిత్ర_పిచ్చోడు: ఇంటి కథలతో చరిత్ర తేలదు.

బర్మాక్యాంపు_మనవడు: అయితే బర్మావాళ్ల కథే వినండి. 1987లో 25, 35, 75 నోట్లు రద్దు, మార్చుకునే వీలే లేదు. తొమ్మిది కలిసొస్తుందని 45, 90 నోట్లు తెచ్చాడు. యుద్ధానికి ముందు ప్రపంచంలోకెల్లా ఎక్కువ బియ్యం ఎగుమతి చేసిన దేశం, అదే ఏడాది ఐక్యరాజ్యసమితి నిరుపేద దేశాల జాబితాలో చేరింది. ఇది కూడా ఊ ను అడిగితేనే చేశాడా?

చరిత్ర_పిచ్చోడు: 1987ని నేను సమర్థించానా? నా మాట ఆ మొదటి రెండేళ్ల గురించే. మా వీధి మురుగుకాలువ కోసం అర్జీలు పెట్టీ పెట్టీ విసిగిపోయాను. మనకీ రెండేళ్లు అలాంటివాడొకడు కావాలి.

లత_హైదరాబాద్: ఓహో, గొడవ బర్మాది కాదన్నమాట.

బర్మాక్యాంపు_మనవడు: ఆ రెండేళ్ల రుచి మరిగినవాడే 1962లో తిరిగొచ్చి 1988 దాకా వదల్లేదు. కాలువ తీయించాక మీవాణ్ని ఎవరు దింపుతారు? మీరా?

చరిత్ర_పిచ్చోడు: మనది బర్మా కాదు.

సుబ్బు_కాకినాడ: కాలువ సంగతి కౌన్సిలర్‌ని అడిగి చూశారా?