చిన్న తెరచాప పడవకి ముందు ఏది కొనాలి: ఎర్ర ఫ్లేరా, ఎల్‌ఈడీ లైటా, బీకనా?

ఋషికొండ గాలి

ముగ్గురం స్నేహితులం కలిసి 20 అడుగుల సెకండ్‌హ్యాండ్ తెరచాప పడవ కొన్నాం. వెనకాల చిన్న ఔట్‌బోర్డ్ ఇంజన్ ఉంది. ఋషికొండ నుంచి భీమిలి వైపు వెళ్తాం, గాలి బాగుంటే ఇంకాస్త ముందుకి. ఒడ్డు కనబడనంత దూరం పోం. లైఫ్ జాకెట్లు, తాళ్ళు, మంచినీళ్ళు, టార్చి ఉన్నాయి. ఆపదలో ఎవరినైనా పిలవాలంటే మాత్రం మొబైల్ తప్ప ఏమీ లేదు.

మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) విరిగితే, పడవ బోల్తా పడితే, గాలి పడిపోయి ఇంజన్ కూడా మొరాయిస్తే ఏం చేయాలన్న దగ్గరే మాకు తగువు. ఒకడు ఓడల్లో ఆపద సంకేతంగా వెలిగించే ఎర్ర మంటలు, అంటే ఫ్లేర్లు, కొందామంటాడు. ఇంకొకడు పడవలో నిప్పు వద్దు, ఎస్‌ఓఎస్ అనే ఆపద సంకేతాన్ని పొట్టి, పొడుగు మెరుపులుగా కొట్టే ఎల్‌ఈడీ లైటు చాలు, గడువు తీరిందని పారేసే గొడవ కూడా ఉండదు అంటాడు. నాకేమో ఉపగ్రహానికి కబురు పంపే బీకన్ మీద నమ్మకం. ఈ ఏడాది చేతిలో ఉన్న డబ్బుతో అన్నీ కొనలేం. సముద్రం తెలిసినవాళ్ళు చెప్పండి, ముందు ఏది?

సెకండ్ మేట్

తమ్ముడూ, మీ ఫ్లేర్ స్నేహితుడి మాట వినండి. పారాచూట్ రాకెట్ అంటే పైకెగిరి పారాచూట్‌తో మెల్లగా దిగుతూ మండే ఫ్లేరు. ఓడల ప్రమాణం ప్రకారం అది కనీసం 300 మీటర్ల ఎత్తుకి వెళ్ళాలి, అక్కడ 30,000 కాండెలా (వెలుగు కొలత) వెలుగుతో 40 సెకన్లు మండాలి. చేత్తో పట్టుకునే ఫ్లేర్ 15,000 కాండెలాతో ఒక నిమిషం మండుతుంది. ఎల్‌ఈడీ లైటుకి అమెరికా నిబంధన అడిగేది కనీసం 75 కాండెలా. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

ఎత్తు సంగతి కూడా ఉంది. భూమి గుండ్రం కాబట్టి పడవలో కూర్చుని చేత్తో పైకెత్తిన లైటు నీటి మట్టం దగ్గరున్న కంటికి 5 కిలోమీటర్ల అవతల కనబడదు, ఎంత వెలుగున్నా సరే. 300 మీటర్ల మీది వెలుగు లెక్క ప్రకారం 60 కిలోమీటర్లు దాటుతుంది. మంచు, తేమ వల్ల నిజంలో అంత రాకపోవచ్చు గానీ, సగం వచ్చినా విశాఖ బయట లంగరేసిన ఓడలన్నీ ఆ పరిధిలోకి వస్తాయి. ఓడ నడిపే గదిలో, అంటే బ్రిడ్జి మీద, రాత్రంతా మనిషి కాపలా ఉంటాడు. నేను ఆ కాపలా కాసినవాణ్ణి. ఎర్ర వెలుగు కనబడితే పక్కకి తిరిగి పడుకునే ఆఫీసరు ఉండడు.

పెదవాల్తేరు

అన్నా, ఓడ మీద కాపలా సంగతి మీరన్నట్టే ఉండొచ్చు. ఒడ్డు సంగతి వేరు. దీపావళి అయిపోయాక కూడా నాలుగు రోజులు బీచ్ రోడ్డు పొడుగునా రాకెట్లు లేస్తూనే ఉంటాయి. పెళ్ళిళ్ళ సీజన్‌లో రిసార్టుల దగ్గర రోజూ అదే తంతు. నేవీ డే ప్రదర్శనలకి ఆర్కే బీచ్ నిండా జనం, ఆకాశం నిండా వెలుగులు. సముద్రం మీద ఎర్ర చుక్క కనబడితే ఇక్కడి జనం నేవీ వాళ్ళు ఏదో ప్రాక్టీస్ చేస్తున్నారనుకుని ఫోన్ తీసి వీడియో తీస్తారు. 1554కి ఫోన్ చెయ్యరు. ఆ నంబరు కోస్ట్‌గార్డ్‌దని మన ఊళ్ళో ఎంతమందికి తెలుసు?

ఇంకో మాట. ఫ్లేరు 40 సెకన్లు. ఆ 40 సెకన్లలో ఎవరూ ఇటు చూడకపోతే అది లేనట్టే. కాబట్టి చూసేవాడి మీద ఆధారపడని పరికరమే ముందు. బీకన్‌కే నా ఓటు.

రేడియో మాస్టారు

బీకన్ అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పుకుందాం, చాలామంది అన్నిటినీ కలిపేస్తున్నారు.

పడవకి బిగించేది ఈపీఐఆర్‌బీ, మనిషి జేబులో పెట్టుకునేది పీఎల్‌బీ. రెండూ 406 మెగాహెర్ట్జ్ మీద, ఆపద కబుర్లు పట్టే కాస్పాస్-సార్‌సాట్ ఉపగ్రహాలకి కబురు పంపుతాయి. మన దేశపు కేంద్రం బెంగళూరులో ఇస్రో దగ్గర ఉంది, అక్కడి నుంచి కోస్ట్‌గార్డ్‌కి చేరుతుంది. మొదటిదాని బ్యాటరీ కనీసం 48 గంటలు, రెండోదానిది 24 గంటలు పనిచేయాలి. లోపల జీపీఎస్ ఉన్న రకమే కొనండి, చోటు వంద మీటర్లలోపు తెలుస్తుంది. రిజిస్టర్ చేయించడం మాత్రం మర్చిపోకూడదు. రిజిస్టర్ చేస్తేనే మోగిన బీకన్ ఎవరిది, ఎంతమంది ఉన్నారు, ఇంట్లో ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి వాళ్ళ ముందు ఉంటాయి.

చౌకగా వచ్చిందని పాత 121.5 మెగాహెర్ట్జ్ బీకన్ కొనకండి. 2009 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలు ఆ ఫ్రీక్వెన్సీని వినడం మానేశాయి. విదేశాల నుంచి శాటిలైట్ ఫోన్ తెచ్చి పడవలో పెట్టుకునే ఆలోచన అసలు వద్దు. అనుమతి లేని తురాయా, ఇరిడియం ఫోన్లు మన దేశంలో నేరం.

ఇస్రో, కోస్ట్‌గార్డ్ కలిసి వేట బోట్ల కోసం డీఏటీ అని ఒక పరికరం చేశాయి, 2010 నుంచి వాడకంలో ఉంది. 2024లో వచ్చిన రెండో తరం దానిలో ఒక గొప్ప సంగతి ఉంది. మీ కబురు అందింది, సాయం వస్తోంది అని తిరిగి జవాబు వస్తుంది. నీళ్ళలో ఉన్నవాడికి ఆ జవాబు ఇచ్చే ధైర్యం అంతా ఇంతా కాదు.

జాలారిపేట

పెద్దలందరూ ఓడ గురించి, ఉపగ్రహం గురించి మాట్లాడుతున్నారు. ఋషికొండకీ భీమిలికీ మధ్య మీరు మునిగితే ముందు మీ దగ్గరకి వచ్చేది మేము. ఫైబర్ బోటులో వల వేసుకుని అక్కడే ఉంటాం. కోస్ట్‌గార్డ్ బోటు బయల్దేరి వచ్చేలోపు మా వాళ్ళు మనిషిని పైకి లాగేస్తారు. కానీ మా చిన్న బోట్లలో మీ బీకన్ కబురు వినే మిషనేదీ లేదు. మాకున్నవి కళ్ళు.

ఎల్‌ఈడీ లైటు గురించి ఒకటి చెప్పాలి, ఇది ఎవరూ చెప్పలేదు. రాత్రిపూట మేము వల బెండ్లకి మినుకు మినుకుమనే లైట్లు కడతాం. ఎవరి వల ఎక్కడుందో తెలియడానికి, బోటు అడుగున తిరిగే ఫ్యాన్‌కి చుట్టుకోకుండా ఉండడానికి. సముద్రంలో ఆరుతూ వెలుగుతూ ఒక చిన్న తెల్ల లైటు కనబడితే బోటు నడిపే సరంగు ఏం చేస్తాడు? అక్కడ వల ఉందని బోటు పక్కకి తిప్పుతాడు. మూడు పొట్టి, మూడు పొడుగు అని లెక్కపెట్టడు. మీరు రమ్మని పిలుస్తుంటే అతను దూరం జరిగిపోతాడు.

పగలైతే నారింజ పొగ. అది చూసినవాడెవడూ ఆగడు, ఇంజన్ తగలబడిందనే అనుకుంటాడు, వల కోసుకుని అయినా వస్తాడు. రాత్రి అయితే ఎర్ర మంట. వేట నిషేధం రోజుల్లో, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, మా ఇంజన్ బోట్లు బయటికి రావు. ఆ రెండు నెలలు మాత్రం మా మీద పూర్తిగా ఆశ పెట్టుకోకండి. మీలాంటి తెరచాప వాళ్ళు సరదాగా తిరిగేది ఎండాకాలం సెలవుల్లోనే అని నాకు తెలుసు, అందుకే చెప్తున్నాను.

ఋషికొండ గాలి

జాలారిపేట అన్నా, వల లైట్ల సంగతి చదివాక మా ఎల్‌ఈడీ స్నేహితుడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక ప్రశ్న అడిగాడు, అడగాల్సిందే. అంతర్జాతీయ నిబంధనల్లో ఆపద సంకేతాల జాబితా ఉంది కదా, అందులో ఎస్‌ఓఎస్ ఏ పద్ధతిలో పంపినా చెల్లుతుందని ఉంది. అమెరికాలో ఎల్‌ఈడీ లైటుని రాత్రి సంకేతంగా ఒప్పుకుంటున్నారు. మరి ఇక్కడ ఎందుకు కాదు? ఫ్లేరు చేతిలో పట్టుకుంటే కరిగిన బొట్లు రాలి ఫైబర్ పడవే అంటుకోదా? మొన్న 2023 నవంబరులో ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు ఎలా తగలబడ్డాయో మనందరం చూశాం.

సెకండ్ మేట్

హార్బర్ మంటకీ ఫ్లేర్లకీ ముడిపెట్టకండి. అక్కడ ఒకదానికొకటి ఆనుకుని డీజిల్‌తో, గ్యాస్ సిలిండర్లతో ఉన్న బోట్లు. భయం అర్థమవుతుంది, పోలిక మాత్రం కుదరదు.

బొట్లు రాలడం నిజమే. అందుకే ఫ్లేరు పట్టుకునే పద్ధతి నేర్పిస్తారు. గాలి మన వీపు మీద నుంచి ఎటు పోతోందో అటు వైపు, పడవ అంచు దాటించి, చెయ్యి చాచి పట్టుకోవాలి. ముఖం పక్కకి తిప్పుకోవాలి. చేతికి తోలు గ్లోవ్ ఉంటే మంచిది. రాకెట్‌ని తెరచాప కింద నుంచి వదలకూడదు. తలుపు, హ్యాచ్, పెట్రోలు డబ్బా మూసి ఉండాలి. ఇవన్నీ పడవ ఊగుతున్నప్పుడు చదువుకునే విషయాలు కాదు, ఒడ్డునే నోటికి రావాలి.

ఎస్‌ఓఎస్ జాబితాలో ఉన్న మాట నిజం. అమెరికాలో కూడా పగటికి ఆ లైటొక్కటే చాలదు, నారింజ జెండా తోడుండాలి. నిబంధన ఒప్పుకోవడం వేరు, ఎదుటివాడు గుర్తుపట్టడం వేరు. రెండోది జాలారిపేట ఆయన తేల్చేశారు.

ఒక్కటి గట్టిగా చెప్తాను. ఓడల్లోంచి తీసేసిన, గడువు దాటిన ఫ్లేర్లు హార్బర్ చుట్టుపక్కల చౌకగా దొరుకుతాయి. తీసుకోకండి. మామూలుగా వాటి ఆయుష్షు మూడు, నాలుగేళ్ళు, డబ్బా మీద రాసి ఉంటుంది. పాతది వెలగకపోవచ్చు, చేతిలోనే పేలనూవచ్చు. పోర్టు దగ్గర ఓడలకి సామాన్లు ఇచ్చే షిప్ చాండ్లర్ల దగ్గర కొత్తవి అడగండి, బిల్లు తీసుకోండి. చెన్నైలో కొని రైల్లో తెద్దామనుకుంటే అది పేలుడు సామాను, రైల్లో నిషిద్ధం.

పెదవాల్తేరు

ఒంటరిగా తెరచాప పడవలో భూమి చుట్టే పందెంలో పాల్గొన్న మన నేవీ అధికారి అభిలాష్ టామీని అందరూ మర్చిపోయారు. 2018 సెప్టెంబరు 21న దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపానుకి మాస్ట్‌లు విరిగి, నడుం దెబ్బతిని కదల్లేని స్థితిలో పడవలో పడి ఉన్నారు. ఆస్ట్రేలియా పెర్త్ నుంచి దాదాపు 1,900 నాటికల్ మైళ్ళు. ఆయన దగ్గర ఎన్ని ఫ్లేర్లు ఉన్నా చూసేవాడెవడు? బీకన్, చిన్న టెక్స్ట్ పరికరం ఉండబట్టే ఆయన ఎక్కడున్నారో తెలిసింది. మన నేవీ పీ-8ఐ విమానం వెతికి పట్టుకుంది, 24న ఫ్రెంచి నౌక ఒసిరిస్ వచ్చి ఎక్కించుకుంది.

జాలారిపేట

ఆయన మహా ధీరుడు, ఆయనకి దండం. కానీ బాబూ, ఆయన ఉన్నచోట చుట్టూ మనిషి లేడు. ఋషికొండ ఎదురుగా నాలుగు కిలోమీటర్ల లోపల చుట్టూ మనుషులే. ఆయన పడవ తేలుతూ ఉంది, మూడు రోజులు ఆగగలిగారు. మీ 20 అడుగుల పడవ బోల్తా పడి మీరు నీళ్ళలో ఉంటే ఎన్ని గంటలు ఆగగలరు?

రేడియో మాస్టారు

ఈ రెండు ఉదాహరణల మధ్యే అసలు విషయం ఉంది. సిగ్నల్ రెండు పనులు చెయ్యాలి. ఆపద వచ్చిందని ఎవరికో ఒకరికి కబురు చేరాలి. వెతుక్కుంటూ వచ్చినవాడికి మనిషి కనబడాలి. మొదటి పని బీకన్, రేడియో బాగా చేస్తాయి. రెండో పని ఫ్లేరు, పొగ చేస్తాయి. ఫ్లేరుతో మొదటి పని చేయించాలని చూస్తేనే పెదవాల్తేరు గారు చెప్పిన చిక్కు వస్తుంది. వస్తున్న బోటు కనబడ్డాక వెలిగిస్తే ఆ నిమిషం వృథా పోదు.

రెండో పని తేలిక అనుకోకండి. ఫిబ్రవరి నుంచి మే దాకా మన తీరం వెంట ప్రవాహం ఉత్తరం వైపు, నవంబరు నుంచి జనవరి దాకా దక్షిణం వైపు. గంటకి ఒక నాటికల్ మైలు చొప్పున కొట్టుకుపోయినా ఆరు గంటల్లో 11 కిలోమీటర్లు. భీమిలి దగ్గర పడవ ఆగిపోయిందని ఇంట్లోవాళ్ళు ఫోన్ చేస్తే అక్కడే వెతుకుతారు. మార్చిలో అయితే మీరు అప్పటికి భోగాపురం తీరం వైపు పోయి ఉంటారు.

అందుకే నా వరుస ఇది. మొదట నీళ్ళలో తేలే 5 వాట్ల చేతి వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు. ఆపద పిలుపులు వినే ఛానల్ 16 మీద మాట్లాడొచ్చు, అవతలివాడు జవాబిస్తాడు, ఎటు కొట్టుకుపోతున్నామో చెప్తూ ఉండొచ్చు. లంగరేసిన ఓడలు, కోస్ట్‌గార్డ్, పెద్ద మరబోట్లు వింటాయి. నొక్కగానే ఆపద కబురు దానంతటదే పంపే డీఎస్‌సీ ఎర్ర మీట ఉన్నది దొరికితే ఇంకా మేలు. లైసెన్స్ తీసుకోవాలి, ఆ పని బద్ధకించకండి. దానికి తోడు రెండు చేతి ఫ్లేర్లు, ఒక నారింజ పొగ. చీకట్లోనో, భీమిలి దాటో వెళ్ళే అలవాటు మొదలైతే అప్పుడు పీఎల్‌బీ.

పెదవాల్తేరు

మాస్టారూ, ఇక్కడ నేను ఒప్పుకోను. నీళ్ళలో నీటి మట్టం మీద తల ఉన్నవాడు పట్టుకున్న చేతి సెట్టు ఎంత దూరం వినబడుతుంది? మూడు, నాలుగు మైళ్ళు. బ్యాటరీ నిండా ఉందో లేదో కూడా చూసుకోవాలి. బీకన్‌కి అవేమీ అక్కర్లేదు, యాంటెన్నా పైకి లేపి బటన్ నొక్కితే చాలు, స్పృహ తప్పబోతున్నవాడైనా నొక్కగలడు.

రేడియో మాస్టారు

అది నిజం. ఒంటరిగా వెళ్ళేవాడికైతే నేనూ పీఎల్‌బీయే ముందంటాను. వీళ్ళు ముగ్గురు.

ఋషికొండ గాలి

మేం ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. చేతి వీహెచ్‌ఎఫ్, రెండు ఎర్ర చేతి ఫ్లేర్లు, ఒక నారింజ పొగ డబ్బా. పారాచూట్ రాకెట్, బీకన్ వచ్చే ఏడాదికి. లైసెన్స్ కాగితాల పని నాకే వేశారు. మా ఎల్‌ఈడీ స్నేహితుడు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, తన డబ్బుతో ఆ లైటు కొంటానంటున్నాడు, ఫ్లేర్లు అయిపోయాక గంటల తరబడి వెలిగేది అదొక్కటే అంటున్నాడు. ఆ మాటలో న్యాయం ఉందని నాకూ అనిపిస్తోంది. ఫ్లేర్లు, పొగ డబ్బా ఎక్కడ పెట్టాలో చెప్పండి. మా పడవలో చిన్న క్యాబిన్ ఉంది.

సెకండ్ మేట్

క్యాబిన్‌లో వద్దు. బోల్తా పడితే లోపలికి చెయ్యి పోదు, ఏప్రిల్ ఎండకి అది కొలిమి కూడా. బిగుతు మూత ఉన్న నారింజ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, చుక్కాని దగ్గర కూర్చున్నవాడి చేతికి అందేలా తాడుతో కట్టండి. తాడు ఒక్క లాగుకి ఊడాలి. పడవ ఒడ్డుకి లాగిన రోజు డబ్బా ఇంటికి తీసుకెళ్ళి నీడలో, పిల్లలకి అందనిచోట పెట్టండి. వీహెచ్‌ఎఫ్ సెట్టు ఆ డబ్బాలో కాదు, ఎవరో ఒకరి లైఫ్ జాకెట్‌కి కట్టి ఉండాలి.

జాలారిపేట

మీ తెరచాప తెల్లదే అయి ఉంటుంది. గాలి పెరిగి కెరటాల మీద నురగ లేచినప్పుడు తెల్ల గుడ్డ మాకు కనబడదు. పైభాగంలో రెండు గజాల నారింజ గుడ్డ కుట్టించండి. పడవ దింపే ముందు ఒక ఆదివారం పొద్దున్న మా ఒడ్డుకి రండి, వేటనుంచి వచ్చినవాళ్ళు అందరూ ఉంటారు. మీ పడవ ఎలా ఉంటుందో, మీ పొగ డబ్బా ఏ రంగు పొగ వదుల్తుందో మా వాళ్ళకి ఒకసారి చెప్పి వెళ్ళండి. సరంగుల ఫోన్ నంబర్లు మీరే అడిగి రాసుకోండి.

ఋషికొండ గాలి

వస్తాం అన్నా. ఈ ఆదివారమే.