బొచ్చె చెరువులో పచ్చ తెట్టు: జూప్లాంక్టన్ ఏమైపోతోంది?

కైకలూరు_రైతు:
మాది బొచ్చె, శీలావతి చేపల చెరువు. ఎండలు ముదిరాక నీటి మీద పచ్చరంగు పోసినట్టు తెట్టు కట్టింది. ఇదివరకు ప్లాంక్టన్ నెట్ (సన్నటి జల్లెడ వల) వేస్తే జూప్లాంక్టన్, అంటే డాఫ్నియా, మోయినా లాంటి చిన్న నీటిపురుగులు బాగా పడేవి. ఇప్పుడు అంతకన్నా సన్నటి రోటిఫర్లే. ఇంత పాచి ఉంటే అవి పెరగాలి కదా?

నీటిబొట్టు:
ఆ పాచి వాటికి తిండి కాదండీ. ఇలా తెట్టు కట్టేది ఎక్కువగా మైక్రోసిస్టిస్ అనే సయనోబాక్టీరియా (నీలి-ఆకుపచ్చ పాచి). జిగురులో కణాలన్నీ ముద్దకట్టి ఉంటాయి, డాఫ్నియా నోటికి పట్టవు. విడి కణాలు మింగినా గండమే. వాటిలోని మైక్రోసిస్టిన్ అనే విషం, కణాల పనిని అదుపుచేసే ప్రొటీన్ ఫాస్ఫటేజ్ ఎంజైములను ఆపేస్తుంది. పశువుల కాలేయాన్ని దెబ్బతీసేదీ అదే. అందులోనే ఉండే సయనోపెప్టోలిన్లు అనే పదార్థాలు డాఫ్నియా పేగులో ట్రిప్సిన్ లాంటి ఎంజైములను అడ్డుకుంటాయి, తిన్నది అరగదు. మైక్రోవిరిడిన్-జె అనే ఇంకో పదార్థం మరీ ఘోరం: కుబుసం సరిగా విడవలేక డాఫ్నియా చచ్చిపోతుంది.

ల్యాబ్_గోల:
అంతా విషం మీదే తోసేయకండి. సయనోబాక్టీరియాలో స్టెరాల్స్ (ఎదుగుదలకు కావాల్సిన ఒక రకం కొవ్వులు) దాదాపు ఉండవు, విషం లేని రకం మేపినా డాఫ్నియా సరిగా ఎదగదు. పైగా బొచ్చెల మేతే జూప్లాంక్టన్, కొంత వాటి పొట్టలోకే పోయి ఉంటుంది. ఇంకో మాట, మైక్రోసిస్టిన్ తయారుచేసే జన్యువులు జంతువులు పుట్టకముందు నుంచే ఉన్నాయని వాటి వంశవృక్షం చూసినవాళ్లు తేల్చారు. డాఫ్నియా కోసమే పుట్టిన ఆయుధం అనలేం.

బురద_పరిశోధన:
డాఫ్నియా కూడా ఊరుకోదు! జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల మధ్య ఉన్న కాన్‌స్టన్స్ సరస్సు అడుగు బురదలోంచి పాత డాఫ్నియా గుడ్లు తీసి పొదిగించారు. భాస్వరం పెరిగి సయనోబాక్టీరియా విజృంభించక ముందరి గుడ్ల పిల్లలు మైక్రోసిస్టిస్ కలిపిన మేతకు బాగా కుంగిపోయాయి. తర్వాతి కాలంవి చాలావరకు తట్టుకున్నాయి. కొన్ని దశాబ్దాల్లోనే వచ్చిన మార్పు అది. 1999లో నేచర్ పత్రికలో వచ్చింది. నాకైతే ఈ విషయంలో ఇంతకన్నా అందమైన ప్రయోగం కనపడలేదు.

కైకలూరు_రైతు:
దశాబ్దాలా! నాకు ఈ పంట దక్కితే చాలు సార్. పక్క చెరువాయన మైలతుత్తం కొట్టమంటున్నాడు.

నీటిబొట్టు:
తెట్టు ఇంత దట్టంగా ఉన్నప్పుడు వద్దు. కణాలు పగిలి లోపలి విషమంతా ఒక్కసారే నీళ్లలో కలుస్తుంది. చచ్చిన పాచి కుళ్లి డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోతే చేపలు తేలిపోతాయి. ముందు పాచికి బలమిచ్చే కోళ్ల ఎరువు ఆపండి. తెల్లవారుజామున డీవో చూసుకోండి. గేదెల్ని ఆ నీళ్లు తాగనివ్వకండి.

కైకలూరు_రైతు:
గాలికి తెట్టంతా తూర్పు మూలకే చేరుతోంది. మనుషుల్ని పెట్టి తీయిస్తా. గట్టు మీద వేయొచ్చా?

ల్యాబ్_గోల:
వానకి మళ్లీ చెరువులోకే జారుతుంది. దూరంగా గొయ్యి తీసి పూడ్పించండి. తీసేవాళ్లకి గ్లౌజులు ఇవ్వండి, ఒళ్లు దురద పెడుతుంది.