ప్లాస్మాలో గ్లూటమైన్ తక్కువ, గ్లూటమేట్ ఎక్కువ వస్తోంది. లోపం కాలమ్‌దా, శాంపిల్‌దా?

బెంచ్_నోట్స్ (ప్రశ్న)

ప్లాస్మాలోని ఫ్రీ అమైనో ఆమ్లాలను హెచ్‌పీఎల్‌సీ (కాలమ్ మీద విడదీసి కొలిచే యంత్రం) మీద ఓపీఏ (అమైనో ఆమ్లాలకు అతుక్కుని వాటిని ఫ్లోరెస్ అయ్యేలా చేసే రసాయనం) పద్ధతిలో కొలుస్తున్నాం. సీ18 కాలమ్, ఫ్లోరెసెన్స్ డిటెక్టర్ (ఎక్సైటేషన్ 340, ఎమిషన్ 450 నానోమీటర్లు), ఇంటర్నల్ స్టాండర్డ్ (ప్రతి శాంపిల్‌లో ఒకే మోతాదులో కలిపే పోలిక పదార్థం) నార్వలీన్. ప్రోటీన్ దించడానికి ప్లాస్మాకు సమానంగా 10 శాతం సల్ఫోసాలిసిలిక్ ఆసిడ్ కలుపుతున్నాం.

ఆరోగ్యవంతుల శాంపిల్స్‌లో కూడా గ్లూటమైన్ 350 మైక్రోమోలార్ దగ్గరే ఆగుతోంది, గ్లూటమేట్ 220 దాటుతోంది. కొన్నిటిలో ఆర్జినిన్ సగానికి పడిపోయి ఆర్నిథిన్ పెరిగింది. ప్రోలిన్ పీక్ అసలు లేదు. 24 వయల్స్‌కి ఒకేసారి ఓపీఏ కలిపి ట్రేలో పెడుతున్నాం. చివరి వయల్స్‌కి వచ్చేసరికి గ్లైసిన్, లైసిన్ ఏరియాలు బాగా తగ్గుతున్నాయి. రక్తం బయటి సెంటర్ల నుంచి ట్యూబుల్లోనే వస్తుంది, మూడు నాలుగు గంటలు పడుతుంది. కాలమ్ మార్చమంటారా?

సీ18_గార్డ్

కాలమ్ జోలికి వెళ్లకండి. మీరు చెప్పినవి ఒక్క లోపం తాలూకు లక్షణాలు కావు, వేర్వేరు చోట్ల జరుగుతున్నవి. ఏ అమైనో ఆమ్లాలు కలిసి కదులుతున్నాయో చూస్తే ఎక్కడ తేడా వచ్చిందో తెలిసిపోతుంది.

ముందు ట్రే సంగతి. ఓపీఏ డెరివేటివ్‌లు (ఓపీఏ అతుక్కున్న అమైనో ఆమ్లాలు) నిలకడగా ఉండవు, అందులో గ్లైసిన్, లైసిన్‌లవి మరీ త్వరగా చెడతాయి. 24 వయల్స్‌కి ఒకేసారి కలిపితే చివరిది ఇంజెక్ట్ అయ్యేసరికి గంటలు గడిచిపోతాయి. నార్వలీన్ డెరివేటివ్ అంత వేగంగా పడిపోదు కాబట్టి ఈ నష్టాన్ని అది సరిచేయలేదు. ఆటోశాంప్లర్‌లో ఇంజెక్టర్ ప్రోగ్రామ్ రాసి, ప్రతి శాంపిల్‌కీ ఇంజెక్షన్‌కి ముందే ఓపీఏ కలిసేలా చేయండి. రియాక్షన్‌కి 1 నిమిషం ఇవ్వండి, లేదా 2 ఇవ్వండి, కానీ స్టాండర్డ్‌కీ శాంపిల్‌కీ ఒకటే ఉండాలి. చేత్తో చేయక తప్పకపోతే ఒక్కో వయల్ కలిపి, టైమర్ పెట్టుకుని ఇంజెక్ట్ చేయండి. మెర్కాప్టోఇథనాల్ బదులు 3-మెర్కాప్టోప్రొపియోనిక్ ఆసిడ్ వాడితే డెరివేటివ్‌లు కాస్త ఎక్కువసేపు నిలుస్తాయి.

రియాజెంట్‌కి చాలామంది వాడే కొలత ఇది: 50 మిల్లీగ్రాముల ఓపీఏను 1.25 మిల్లీలీటర్ల మెథనాల్‌లో కరిగించి, 0.4 మోలార్ బోరేట్ బఫర్ (పీహెచ్ 9.5) 11.2 మిల్లీలీటర్లు, మెర్కాప్టోఇథనాల్ 50 మైక్రోలీటర్లు కలపాలి. చీకట్లో, ఫ్రిజ్‌లో ఉంచాలి. థయోల్ (ఇక్కడ మెర్కాప్టోఇథనాల్) ఆక్సిడైజ్ అయ్యేకొద్దీ సిగ్నల్ మొత్తం కిందికి జారుతుంది, అందుకే రోజూ మొదటి ఇంజెక్షన్ మధ్య స్థాయి స్టాండర్డ్‌దే అయి ఉండాలి.

ఇంకొకటి, మీ సూపర్‌నేటెంట్‌లో (ప్రోటీన్ దించాక పైన మిగిలే ద్రవంలో) ఆసిడ్ బలంగా ఉంది. అది బోరేట్‌ను దాటేసి పీహెచ్‌ను కిందికి లాగితే రియాక్షన్ పూర్తికాదు. అదే నిష్పత్తిలో విడిగా కలిపి పీహెచ్ పేపర్ మీద ఒక చుక్క వేసి చూడండి. 9 కంటే తక్కువ ఉంటే శాంపిల్ భాగం తగ్గించండి. ఆసిడ్ మాత్రమే ఉన్న బ్లాంక్ కూడా నడపండి, సల్ఫోసాలిసిలిక్ తనంతట తానే ఫ్లోరెస్ అవుతుంది.

నిన్‌హైడ్రిన్_570

పైన చెప్పినదంతా సరే. అసలు నష్టం మాత్రం ట్యూబ్‌లోనే మొదలైంది.

ఆర్జినిన్ తగ్గి ఆర్నిథిన్ పెరిగిన శాంపిల్స్ బయటికి తీసి రంగు చూడండి. ప్లాస్మా లేత గులాబీ రంగులో కనిపిస్తే హిమోలిసిస్ (ఎర్రకణాలు పగలడం) జరిగినట్టే. ఎర్రకణాల్లోని ఆర్జినేజ్ అనే ఎంజైమ్ ఆర్జినిన్‌ను ఆర్నిథిన్‌గా మార్చేస్తుంది. ఆ కణాల్లో ఆస్పార్టేట్, గ్లూటమేట్ కూడా ప్లాస్మాలో కంటే బాగా ఎక్కువ, కణాలు పగిలితే అవీ బయటికొస్తాయి. టారిన్ కూడా పెరిగి ఉంటే తెల్లకణాలు, ప్లేట్‌లెట్ల నుంచి వచ్చిందనుకోండి. సీరంలో టారిన్ ఎక్కువ కనిపించేదీ ఇందుకే.

గ్లూటమైన్ విషయంలో రెండిటి మొత్తం చూడండి. మీ అంకెల్లో 350కి 220 కలిపితే 570. మామూలుగా ఆ రెండూ కలిపి ఉండే స్థాయికి ఇదేమీ దూరం కాదు. అంటే గ్లూటమైన్ పోలేదు, చాలావరకు గ్లూటమేట్‌గా మారింది. మొత్తం కూడా పడిపోయి ఉంటే పైరోగ్లూటమేట్ అయిందని అనుమానించాలి. ఆ రింగ్‌లో ప్రైమరీ అమైన్ మిగలదు కనుక ఓపీఏకి కనబడదు.

చేయాల్సింది ఏమిటంటే, లిథియం హెపారిన్ ట్యూబ్‌లో తీసిన రక్తాన్ని ఐస్ మీద ఉంచి, సేకరించిన సెంటర్‌లోనే అరగంటలోపు స్పిన్ చేయించండి. ప్లాస్మా తీసేటప్పుడు బఫీ కోట్ (ఎర్రకణాల మీద చేరే తెల్లకణాలు, ప్లేట్‌లెట్ల పొర) పైన అర సెంటీమీటర్ వదిలేయండి. అత్యాశకు పోయి ఆ చివరి చుక్క లాగితే ప్లేట్‌లెట్లూ వచ్చేస్తాయి. వెంటనే ప్రోటీన్ దించి, సూపర్‌నేటెంట్‌ను మైనస్ 70 లేదా 80లో పెట్టండి. ఆలస్యమైతే సిస్టిన్ ప్లాస్మా ప్రోటీన్లకు అతుక్కుని వాటితోపాటే కిందికి దిగిపోతుంది. కిట్ కాగితం మీద రాసే 'రూమ్ టెంపరేచర్' 20 నుంచి 25 డిగ్రీలు. మన మే నెల ఎండల్లో బండి మీద వచ్చే డబ్బాకి అది వర్తించదు.

ప్రోలిన్ సెకండరీ అమైన్ కాబట్టి ఓపీఏ దాన్ని పట్టదు. ఓపీఏ తర్వాత ఎఫ్‌మాక్ (సెకండరీ అమైన్‌లకూ అతుక్కునే రియాజెంట్) కలిపి, ప్రోలిన్ వచ్చే సమయానికి డిటెక్టర్‌ను 266/305కి మార్చాలి. అయాన్ ఎక్స్‌చేంజ్ ఎనలైజర్ ఉంటే ఆ గొడవ లేదు, నిన్‌హైడ్రిన్‌తో ప్రోలిన్‌ను 440 దగ్గర, మిగతావాటిని 570 దగ్గర చదువుతుంది. రన్‌కి గంటలు పడుతుందన్నదే లోటు.

బెంచ్_నోట్స్

టారిన్ కూడా ఎక్కువే ఉంది. ఎల్‌సీ-ఎంఎస్‌కి (కాలమ్ తర్వాత అణువుల ద్రవ్యరాశిని బట్టి గుర్తించే పద్ధతికి) మారితే ఇవన్నీ తీరతాయా? స్టాండర్డ్‌గా 0.1 నార్మల్ హెచ్‌సీఎల్‌లో వచ్చే రెడీమేడ్ మిక్స్ వాడుతున్నాం, గ్లూటమైన్ మేమే అందులో కలిపి ఫ్రీజర్‌లో పెట్టుకున్నాం.

ఐసోటోప్_లేబుల్

ప్రోలిన్ 116 నుంచి 70కి (అయాన్ ద్రవ్యరాశి నుంచి దాని ముక్క ద్రవ్యరాశికి) సులువుగా కనిపిస్తుంది, ఆ ఒక్కటీ తీరుతుంది. ట్యూబ్‌లో మారిపోయిన గ్లూటమైన్‌ను ఏ మిషనూ వెనక్కి తేలేదు. పైగా లూసిన్, ఐసోలూసిన్, అల్లోఐసోలూసిన్ మూడూ 132 నుంచి 86కే వస్తాయి. గ్లూటమైన్, లైసిన్ రెండూ 147 దగ్గరే కూర్చుని 84 ఇస్తాయి. కాలమ్ మీద విడదీయక తప్పదు. ఎంఎస్‌యూడీ (మేపుల్ సిరప్ యూరిన్ డిసీజ్ అనే పుట్టుకతో వచ్చే జబ్బు) అనుమానంతో పంపిన శాంపిల్ అయితే అల్లోఐసోలూసిన్ విడిగా కనపడి తీరాలి. బ్యూటైల్ ఎస్టర్ పద్ధతి మీకు వద్దు. వేడి ఆసిడ్‌లో గ్లూటమైన్, ఆస్పరాజిన్ హైడ్రొలైజ్ అవుతాయి.

ఆ స్టాండర్డ్ ఇక వాడకండి. ఆసిడ్‌లో నిల్వ ఉన్న గ్లూటమైన్ క్రమంగా తగ్గుతుంది, అప్పుడు మీ శాంపిల్ అంకె నిజం కంటే ఎక్కువగా వస్తుంది, అంటే మీ 350 కూడా నమ్మదగినది కాదు. గ్లూటమైన్, ఆస్పరాజిన్, ట్రిప్టోఫాన్ ఏ రోజుకారోజు నీళ్లలో తూచి కలపండి.

తర్వాత ఒకే మనిషి రక్తాన్ని మూడు ట్యూబుల్లో తీసి, ఒకటి వెంటనే, ఒకటి ఐస్ మీద 2 గంటల తర్వాత, ఒకటి బల్ల మీద 4 గంటల తర్వాత స్పిన్ చేయండి. గ్లూటమేట్, ఆర్నిథిన్, టారిన్ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మీ సెంటర్లకు ఎంత గడువు ఇవ్వాలో ఆ అంకెలే చెబుతాయి. ఈలోగా గులాబీ రంగు శాంపిల్స్‌కి ఆర్జినిన్, ఆర్నిథిన్, గ్లూటమేట్, టారిన్ రిపోర్ట్ చేయకుండా మళ్లీ రక్తం అడగండి.